ఇద్దరు మాస్టర్లు, మాట వినని కాళ్ళు

తన్ను సరిగ్గా మోకాలి కింద తగిలింది.

తన్నిన అమ్మాయి చక్రాల కుర్చీలో ఉంది. తన్ను తిన్న అబ్బాయీ చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. ఫిజియోథెరపీ హాలు బయట, వరండాలో, రెండు కుర్చీలూ ఎదురెదురుగా ఆగి ఉన్నాయి. ఇద్దరి మధ్యా గొడవ లేదు, పరిచయం లేదు, కనీసం మర్యాదకి ఒక నవ్వు కూడా లేదు. హాలు తలుపు ధడాలున పడింది. అమ్మాయి కుడికాలు గాల్లోకి లేచింది. అంతే.

"ఏవండీ! తన్నారేంటి?"

"నేను తన్నలేదు."

"మరెవరు తన్నారు?"

"కాలు తన్నింది."

"కాలు మీదే కదండీ?"

"పేరుకి నాదే. నా మాట వినదు." అమ్మాయి చిరాగ్గా కాలుని రెండు చేతులతో పట్టుకుని, అల్లరి పిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టు ఫుట్‌రెస్ట్ మీద పెట్టింది. "అయినా, తగిలినట్టు మీకు తెలిసిందా?"

అతను ఆలోచించాడు. నిజానికి నొప్పేమీ తెలియలేదు. కళ్ళతో చూశాడు కాబట్టి అరిచాడు.

"తెలియలేదు."

"తెలియని తన్నుకి ఇంత రాద్ధాంతమా?"

అతను ఏదో అనబోయాడు. ఈలోగా అతని కాలు అందుకుంది. ఫుట్‌రెస్ట్ మీద పాదం టకటకటకమని కొట్టుకోవడం మొదలెట్టింది. ఎంతకీ ఆగదు.

"అదేంటి? కోపమొచ్చిందా దానికి?"

"దానికి కోపతాపాలేం లేవండీ. మునివేళ్ళ మీద బరువు పడితే చాలు, ఇలా మొదలెడుతుంది. డాక్టరు ఏదో పేరు చెప్పారు..."

"క్లోనస్," అంది అమ్మాయి. ఈసారి గొంతులో కాస్త జాలి ఉంది. "నాకూ ఉంది. ఎడమకాలికి. కుడిది తంతుంది, ఎడమది వణుకుతుంది. పని పంచుకున్నాయి."

తలుపు తెరుచుకుంది. ఫిజియో మేడమ్ తల బయటపెట్టి, "మాస్టర్, రండి!" అంది.

"వస్తున్నా మేడమ్," అన్నారు ఇద్దరూ.

ఇద్దరూ ఒకేసారి చక్రాలు తిప్పారు. గుమ్మంలో రెండు కుర్చీలూ ఇరుక్కున్నాయి.

"ఆవిడ పిలిచింది నన్ను," అన్నాడతను. "నేను టైలర్ మాస్టర్ని."

"నేను కరాటే మాస్టర్ని."

అతను తన మోకాలి వంక చూసుకున్నాడు. అప్పుడు నిజంగా నొప్పెట్టినట్టనిపించింది.

మేడమ్‌కి ఇద్దరితోనూ పని ఉంది. అందుకని ఆ రోజే పేర్లు పెట్టేసింది. అతను కుట్టు మాస్టర్. ఆమె కిక్కు మాస్టర్.

*

కుట్టు మాస్టర్‌కీ వాళ్ళక్కకీ బజారులో ఒక చిన్న షాపు ఉంది. అక్క కత్తిరిస్తుంది, తమ్ముడు కుడతాడు. ఒకరోజు పై అరలోంచి బట్ట తాను తియ్యబోయి నిచ్చెన మీంచి పడ్డాడు. ముందు తాను పడింది, దాని వెనకే అతను పడ్డాడు, ఆ తర్వాత తీరిగ్గా అర కూడా వచ్చి మీద పడింది. వెన్నుపాము తెగలేదు కానీ నలిగింది. ఆపరేషనయ్యాక కాళ్ళు కొద్దికొద్దిగా కదలడం మొదలెట్టాయి. అతను చెప్పినప్పుడు కాదు, వాటికి తోచినప్పుడు.

ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందని ఒకరోజు షాపుకెళ్ళి, అక్క చేత పాదం ఎత్తించుకుని మిషన్ తొక్కుడు పలక మీద పెట్టుకున్నాడు. ఎదురుగా ఒక లాయరు గారు తన ప్యాంటు కోసం నిలబడి ఉన్నాడు.

మునివేళ్ళకి పలక తగలడం ఆలస్యం, కాలు పరుగందుకుంది. ప్యాంటు ఒక కాలు అంచు అయిపోయింది. రెండో కాలు దానికి అతుక్కుంది. ఆ మీదట జేబు మూసుకుపోయింది.

"ఆపరా!" అంది అక్క.

"నేను నడపడం లేదే!"

"మరెవడు నడుపుతున్నాడు?"

"నాకేం తెలుసు!"

అక్క అడ్డం వచ్చింది. అక్క చున్నీ కొసని కూడా సూది లాక్కుంది.

లాయరు గారు మాత్రం ముచ్చటపడ్డాడు. "శుభం! పడకముందు కన్నా స్పీడు పెరిగిందే!" అన్నాడు.

రెండు కాళ్ళూ ఒకటైపోయిన ప్యాంటు చేతికి అందాక ఆ ముచ్చట తీరిపోయిందనుకోండి. మర్నాడే అక్క తమ్ముణ్ణి ఈ హాలుకి తీసుకొచ్చింది. "నడక రాకపోతే మానె, ఆ కాలుని ఆపడం నేర్పించండి చాలు," అని మేడమ్ ముందు చేతులు జోడించింది.

*

హాలులో పక్కపక్కన రెండు ట్రెడ్‌మిల్స్ ఉన్నాయి. ఒక్కోదాని మీదా పైన మోటారు, మోటారు నుంచి పట్టీలు, పట్టీలకి ఒక జాకెట్ లాంటిది. అది తొడిగి మీట నొక్కితే మనిషి కుర్చీలోంచి పైకి లేస్తాడు. ఒంటి బరువు సగం పట్టీలు మోస్తాయి, సగం కాళ్ళు మోయాలి. కింద బెల్టు కదులుతుంటే సహాయకులు చెరో కాలూ పట్టుకుని అడుగులు వేయిస్తారు. దూరం నుంచి చూసేవాళ్ళకి ఎవరో రెండు జతల బట్టలు ఆరేసినట్టు ఉంటుంది.

"మేడమ్, నడిస్తే కాలు ఎందుకు మాట వింటుంది?" అని అడిగాడు కుట్టు మాస్టర్, వేలాడుతూనే.

"పై ఆఫీసరు ఫోన్ చేస్తేనే గుమాస్తా సరిగ్గా పనిచేస్తాడు," అంది మేడమ్. "ఆఫీసరు మీ మెదడు. గుమాస్తా వెన్నుపాము. మధ్యలో లైను దెబ్బతింది. ఫోన్ రాకపోయేసరికి గుమాస్తా వచ్చిన ప్రతి కాగితం మీదా స్టాంపు గుద్దేస్తున్నాడు. తలుపు చప్పుడైతే స్టాంపు. దుప్పటి తగిలితే స్టాంపు. రోజూ పద్ధతిగా నడిపిస్తే, మిగిలిన ఆ కాస్త లైనుతోనే వాడికి మళ్ళీ పని తెలుస్తుంది. పాదం నేల మీదున్నప్పుడు పిక్క బిగించాలి. పాదం గాల్లో ఉన్నప్పుడు ఊరుకోవాలి. ఆ ఊరుకోవడం నేర్పడమే కష్టం."

"మా అక్కకి కూడా నేర్పిస్తారా?"

"ఒరేయ్, నేనిక్కడే కూర్చున్నాను," అంది మూల బల్ల మీంచి అక్క.

పక్క ట్రెడ్‌మిల్ మీద కిక్కు మాస్టర్ నవ్వింది. నవ్వితే ఒళ్ళు కదిలింది, ఒళ్ళు కదిలితే కాలు లేచింది, కాలు లేస్తే సహాయకుడి కళ్ళజోడు ఎగిరి కిటికీ దగ్గర పడింది.

"సారీ అండీ! నేను కాదు..."

"తెలుసు మాస్టర్, కాలు," అన్నాడు సహాయకుడు, నేల తడుముకుంటూ.

వారం వారం మేడమ్ పరీక్ష చేసేది. మోకాలి వెనక చిన్న కరెంటు తాకిస్తే పిక్క ఎంత ఉలిక్కిపడిందో కంప్యూటరు తెర మీద గీతగా లేచేది. ఇద్దరి గీతలూ కొండల్లా ఉండేవి. నడుస్తూ పాదం గాల్లో ఉన్నప్పుడు ఆ కొండ కుంగిపోవాలి. వాళ్ళవి పాదం ఎక్కడున్నా ఒకే ఎత్తు.

"నాదే ఎత్తు," అని గర్వంగా అనేది కిక్కు మాస్టర్.

"తక్కువ ఉంటేనే గొప్పండీ."

"నేను ఎందులోనూ తక్కువ ఉండను."

ఒకరోజు అతను ఆమె నడుము వంక తదేకంగా చూస్తుంటే పట్టుకుంది.

"ఏంటా చూపు?"

"ఆ పట్టీ అతుకు వెయ్యాల్సిన చోట వెయ్యలేదండీ. పక్కటెముక కింద ఒరుసుకుంటోంది కదూ?"

ఒరుసుకుంటోంది. మొదటి రోజు నుంచీ. కరాటే మాస్టర్ అయ్యుండి పట్టీ నొప్పి అని చెప్పడం నామోషీ అనిపించి పళ్ళు బిగించి ఊరుకుంది.

"మీకెలా తెలిసింది?"

"వృత్తి అలాంటిది. ఎవర్ని చూసినా ముందు కుట్టు కనిపిస్తుంది. మనిషి తర్వాత."

"మరి నేను కనిపించానా, ఇంకా లేదా?"

"ఇప్పుడిప్పుడే."

మర్నాడు అతను చేత్తో కుట్టిన మెత్తటి దూది పట్టీ ఒకటి తెచ్చాడు. తొడుక్కుంటే అతికినట్టు సరిపోయింది. ఆమె ఆ కుట్టుని వేలితో తడిమి చూసింది. ఆ తర్వాత అనుమానంగా, "కొలత ఎప్పుడు తీశారు?" అంది.

"కంటితో."

"ఆ కళ్ళు కాస్త దించండి."

దించాడు. దించితే ఆమె కాళ్ళు కనిపించాయి. అవి ఆ రోజు అతని పట్ల చాలా మర్యాదగా ఉన్నాయి.

ఆమె ఎలా పడిందో మాత్రం చెప్పేది కాదు. "ఒకేసారి అయిదుగురు మీద పడ్డారు" అని ఒకసారి, "పోటీలో" అని ఒకసారి అంది. అసలు సంగతి ఆమెను రోజూ తీసుకొచ్చే తాతయ్య చెప్పాడు. "బస్సులోంచి దిగుతూ జారింది నాయనా. కదిలే బస్సు కూడా కాదు. ఆగి ఉన్న బస్సు."

"తాతయ్యా!"

"మరి నిజమే కదే తల్లీ."

ఓ సాయంత్రం ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. కిటికీ అద్దాల మీద నీళ్ళు జారుతుంటే ఇద్దరూ పట్టీల్లో వేలాడుతూ వాన చూస్తున్నారు. ఆమె జుట్టు ఫ్యాను గాలికి మొహం మీద పడుతోంది. అతను ఏదో మంచి మాట చెప్పాలని గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడు ఉరిమింది. నాలుగు కాళ్ళూ ఒక్కసారి లేచాయి. మళ్ళీ ఉరిమింది. మళ్ళీ లేచాయి. సహాయకులు నలుగురూ వెనక్కి దూకి గోడకి ఆనుకున్నారు.

"చక్కగా కలిసి వేస్తున్నారు స్టెప్పులు," అంది అక్క మురిసిపోతూ.

ఆ రాత్రే అక్క తేల్చి చెప్పేసింది. "ఆ అమ్మాయి కుర్చీ గుమ్మం దాటగానే నీ కాలు ఆడటం మొదలెడుతుందిరా. ఎవర్ని మోసం చేస్తావ్?"

"తలుపు చప్పుడక్కా అది!"

"మేడమ్ వచ్చినప్పుడూ తలుపు చప్పుడవుతుంది. అప్పుడాడదే?"

అప్పుడూ ఆడుతుంది. కానీ అతను ఆ మాట అనలేదు. ఎందుకో అనబుద్ధి కాలేదు.

*

నడిపించగా నడిపించగా గుమాస్తాకి బుద్ధి వచ్చింది.

మొదట కుట్టు మాస్టర్ కొండ కుంగింది. పాదం గాల్లో ఉన్నప్పుడు గీత దాదాపు నేల మీద పాకింది. ఫుట్‌రెస్ట్ మీద టకటక తగ్గిపోయింది. పట్టీల బరువు తగ్గించారు. వాకర్ పట్టుకుని హాలు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాడు. అక్క ఏడ్చింది, నవ్వింది, ఎవరూ అడక్కుండానే హాలంతటికీ కాఫీలు తెప్పించింది.

ఆ వారమే మేడమ్ కిక్కు మాస్టర్ మోకాలి కింద రబ్బరు సుత్తితో తట్టింది. ఆ కాలు మీద అందరికీ భయమే కాబట్టి సహాయకుడు ముందుగానే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. కానీ కాలు కొంచెం కదిలి ఊరుకుంది.

"చూశారా! మీదీ నెమ్మదించింది!" అని మేడమ్ చప్పట్లు కొట్టింది.

కిక్కు మాస్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇంకోసారి కొట్టండి," అంది. కొడితే మళ్ళీ అంతే. తెర మీది గీత వంక కాసేపు చూసి, "తాతయ్యా, ఇంటికెళ్దాం," అంది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే తాతయ్య, "గదిలోంచి రావడం లేదు నాయనా, సాయంత్రం కరాటే క్లాసుకి మాత్రం వెళ్తోంది," అన్నాడు.

కుట్టు మాస్టర్‌కి అన్నం సహించలేదు. అక్క మాత్రం విషయం కనిపెట్టేసింది.

"తప్పు నీదేరా. ఆ పిల్ల వస్తే ఇదివరకు నీ కాలు ఎంత గంతులేసేది! ఇప్పుడు రాయిలా కూర్చుంటోంది. మనసు మారిందనుకోదూ?"

"అది రిఫ్లెక్స్ అక్కా! తగ్గిందంటే బాగైనట్టు!"

"ఆడపిల్లకి గీతలు చూపించి చెప్తావా? వెళ్ళి మాటల్లో చెప్పు."

అక్క మాట వింటే నవ్వొచ్చేలా ఉంది. కానీ ఎంత ఆలోచించినా ఇంకో కారణం తోచలేదు. వాకర్ తీసుకుని బయల్దేరాడు.

*

కరాటే స్కూలు ఒక పాత గోడౌన్‌లో ఉంది. సాయంత్రం క్లాసులో అందరూ పెద్దవాళ్ళే. బీపీ తగ్గడానికి ఒకరు, భార్య పంపితే ఒకరు, రిటైరయ్యాక ఏం చెయ్యాలో తోచక ఇంకొకరు.

గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కిక్కు మాస్టర్ కుర్చీలో కూర్చుని ఒక బొద్దు బ్యాంకు మేనేజరు మీద అరుస్తోంది.

"గట్టిగా తన్నడం గొప్ప కాదండీ. ఎదుటివాడి ముక్కు ముందు ఆపాలి. ఆపలేకపోతే అది తన్ను కాదు, యాక్సిడెంటు!"

"మీరోసారి చూపించండి మాస్టర్, ఇదివరకట్లా."

ఆమె ఇన్నాళ్ళూ చేసినట్టే అరచేతి అంచుతో తన మోకాలి కింద కొట్టుకుంది. కాలు కొంచెం కదిలింది. ఇంకాస్త గట్టిగా కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. క్లాసంతా నేల చూపులు చూస్తోంది.

కుట్టు మాస్టర్ ఇక చూడలేకపోయాడు. లోపలికి అడుగు వెయ్యబోయాడు.

"బూట్లు విప్పి రావాలి!" అని అరిచారు ఎవరో.

అతని బూట్లలో పాదాలని పట్టి ఉంచే ప్లాస్టిక్ పలకలున్నాయి. వాటికి పట్టీలు, పట్టీలకి బకిల్స్. కింద కూర్చుని ఒక్కొక్కటీ విప్పుతుంటే క్లాసు మొత్తం ఓపిగ్గా చూసింది. తమ మాస్టర్ని సవాలు చెయ్యడానికొచ్చాడని వాళ్ళ నమ్మకం.

మేనేజరు గౌరవంగా అడిగాడు. "మీది ఏ బెల్టండీ?"

"నడుము బెల్టు. డాక్టరు వెయ్యమన్నారు."

మేనేజరే చెయ్యిచ్చి లేపాడు. వాకర్ పట్టుకుని, ఒట్టి పాదాలతో, చాప మీద మెల్లగా నడుచుకుంటూ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా కాలు ఊరుకుంది కానీ నేను ఊరుకోలేదండీ," అన్నాడు ఆయాసపడుతూ. "మీరొస్తే అదిప్పుడు గంతులెయ్యదు, నిజమే. దాన్నిబట్టి నన్ను లెక్కెయ్యకండి. అసలు అది గంతులేసింది మీ కోసం కాదు, తలుపు కోసం. నాకు మాత్రం మీ కోసమే."

ఆమె నోరు తెరుచుకుని చూసింది. "దేని గురించి మాట్లాడుతున్నారు మీరు?"

"మీరు... అందుకు కాదా రావడం మానేసింది?"

"మీ కాలు గంతులెయ్యలేదని నేను మానేస్తానా? నాకేమన్నా పిచ్చా?"

కుట్టు మాస్టర్ మనసులో అక్కని తలుచుకున్నాడు. "మరి ఎందుకు?"

ఆమె కుడి మోకాలి మీద అరచెయ్యి పెట్టుకుంది.

"ఈ కుడికాలుతో ఎన్ని పోటీలు గెలిచానో తెలుసా? పడ్డాక అన్నీ పోయాయి. అదొక్కటే మిగిలింది. నేను చెప్పకపోయినా లేచేది. అదే ఎత్తు, అదే వేగం. చూసినప్పుడల్లా లోపల ఇంకా నేనున్నాననిపించేది. మీ మేడమ్ దాన్ని కూడా నిద్రపుచ్చుతోంది. అదీ పోతే ఇక నేనెవర్ని?"

అతను వాకర్ బిగించి పట్టుకున్నాడు.

"నిన్న మిషన్ దగ్గర కూర్చున్నాను," అన్నాడు. "పలక మీద కాలు పెట్టాను. కదల్లేదు. చచ్చిపోయిందేమో అని భయమేసింది. మెల్లగా తొక్కాను. సూది దిగింది. ఇంకో కుట్టు వేశాను. ఆపుదామనుకున్నాను. ఆగింది. అక్కా నేనూ ఏడ్చాం. కుట్టినందుకు కాదండీ, ఆగినందుకు."

ఆమె తల వంచుకుంది.

"ఆపలేకపోతే తన్ను కాదని ఇందాక ఆయనకి మీరే చెప్పారు. ఆ లెక్కన పడిన దగ్గర్నుంచీ మీరు ఒక్కర్నీ తన్నలేదు. ఒక్కసారి తన్ని చూడండి."

ఆమె క్లాసు వంక చూసి, "అందరూ గోడ వైపు తిరగండి!" అంది. తెల్ల బట్టల్లో ఉన్న పెద్దమనుషులంతా బుద్ధిగా గోడకి మొహం పెట్టి నిలబడ్డారు.

కుర్చీ చేతులు పట్టుకుని కళ్ళు మూసుకుంది. నుదుటి మీద చెమట పట్టింది. ఏమీ జరగలేదు. అప్పుడు కుడి మడమ ఫుట్‌రెస్ట్ మీంచి మెల్లగా లేచింది. కింద చెయ్యి దూర్చేంత ఎత్తు. వణుక్కుంటూ అక్కడే నిలబడింది. ఆమె దింపితే దిగింది.

"చాలా బాగుంది మాస్టర్!" అన్నాడు గోడ దగ్గర్నుంచి మేనేజరు.

"చూడొద్దన్నానా!"

"చూడలేదు మాస్టర్!"

ఆమెకి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. చేత్తో మొహం తుడుచుకుంది.

"రేపట్నుంచి హాలుకి వస్తాను. మీరు చెప్పారని కాదు."

"మంచిది."

"అంటే... సగం అందుకే."

*

మళ్ళీ పక్కపక్కనే నడవడం మొదలెట్టారు. ఎప్పుడో "మీరు" కాస్తా "నువ్వు" అయింది. అక్కా తాతయ్యా బల్ల మీద పక్కపక్కన కూర్చుని గుసగుసలాడుకోవడం ఎక్కువైంది. పెద్దవాళ్ళు మాట్లాడుకుందాం అన్నప్పుడల్లా ఈ ఇద్దరూ సిగ్గుపడి, అలసిపోయామనో ఆకలేస్తోందనో జారుకునేవాళ్ళు.

ఒకరోజు మోటారు ఇద్దర్నీ పైకి లేపుతుండగా కరెంటు పోయింది. జానెడు కింద బెల్టు, పైన పట్టీలు, మధ్యలో ఇద్దరు మాస్టర్లు. చేత్తో తిప్పి దింపే హ్యాండిల్ కోసం మేడమ్ స్టోర్‌రూమ్‌కి పరిగెత్తింది.

తాతయ్య చేతికర్ర ఊతంతో లేచాడు. "అమ్మాయ్," అన్నాడు అక్కతో, "ఇంతకన్నా మంచి సమయం మనకి దొరకదు. ఎక్కడికీ పారిపోలేరు."

"నేనూ అదే అనుకుంటున్నా తాతగారూ." అక్క కుర్చీ లాక్కుని ట్రెడ్‌మిల్స్ మధ్య వేసుకుంది. "మా వాడు మంచివాడే. కాకపోతే ఎవరైనా కష్టం చెప్పుకుంటుంటే వాళ్ళ చొక్కా గుండీలు చూస్తూ కూర్చుంటాడు."

"అక్కా!"

"మా మనవరాలికి ఓడిపోవడం చేతకాదు. నాతో చదరంగం ఆడి, ఓడితే బోర్డు దాచేస్తుంది."

"తాతయ్యా! మేడమ్, త్వరగా రండి!"

కంగారులో కదిలేసరికి పట్టీలు మెలిపడ్డాయి. ఇద్దరూ గాల్లో నెమ్మదిగా గుండ్రంగా తిరగసాగారు. ఆమె ఇటు తిరిగేసరికి అతను అటు తిరుగుతున్నాడు. ఒక్క క్షణం మాత్రం ఎదురెదురు పడుతున్నారు.

"నీకు ఇష్టం లేకపోతే..." అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. "...ఇప్పుడే చెప్పెయ్."

"నువ్వు అడిగితే కదా..." అతను గోడ వైపు తిరిగిపోయాడు. వెనక నుంచి మిగతాది వినిపించింది. "...చెప్పడానికి!"

మళ్ళీ ఎదురుపడే దాకా ఆగాడు. ఇంత పొడుగాటి చుట్టు అతని జన్మలో తిరగలేదు.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె నవ్వింది. నవ్వుతూనే తిరిగిపోయింది. అతనికి ఆమె జడ కనిపించింది, తర్వాత గోడ, కిటికీ, బల్ల, అక్క, తాతయ్య. చివరికి మళ్ళీ ఆ మొహం.

"ఊఁ."

"ఏమందమ్మా? నాకు వినపడలేదు," అన్నాడు తాతయ్య.

"ఒప్పుకుంది!" అని అరిచింది గుమ్మంలోంచి మేడమ్, హ్యాండిల్ ఎత్తి పట్టుకుని.

ఆ అరుపుకే అన్నట్టు కరెంటు వచ్చింది. మోటారు మూలిగింది. మెలికలు విప్పి, ఇద్దర్నీ మెల్లగా బెల్టు మీదకి దింపారు. సహాయకులు వంగేలోపే బెల్టు కదిలింది.

"కుట్టు మాస్టర్! పక్క చూపులు తర్వాత, ముందు కాళ్ళ వంక చూసి నడవండి!" అంది మేడమ్.

అతను వినలేదు. ఆమెనే చూస్తున్నాడు. మేడమ్ ఇంకోసారి కేకెయ్యబోయి, కిందకి చూసి ఊరుకుంది. అతను చూడకపోయినా, ఎవరూ పట్టుకోకపోయినా, ఆ కాళ్ళు వాటి పని అవి చేసుకుంటూ నడుస్తున్నాయి.